మా ఎమ్మెల్యేగారికి ఫోను చేసే విధానం

ప్రజలకు తమ ప్రతినిధితో మాట్లాడటం చేతకాదని మా ఎమ్మెల్యే శ్రీకంఠయ్యగారు కనిపెట్టారు. ఈ సంగతి అంతకుముందు ఎవరికీ తట్టలేదు. పనులు కాకపోవడానికి కారణం ఎవరూ చెయ్యకపోవడమేనని మేమంతా మూర్ఖంగా అనుకుంటూ వచ్చాం. కాదట, మాకు అడగడం రాదట. ఊరిగాంలో మైకు ముందు నిలబడి ఆయన ఆ మాట ప్రకటించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆయన వెనక "ప్రజాప్రతినిధిని సమర్థంగా సంప్రదించు పద్ధతి: ఒకరోజు ఉచిత శిక్షణ శిబిరం" అని బ్యానరు వేలాడుతోంది. ఉచితం అన్న మాట మిగతా అక్షరాలకంటే పెద్దదిగా రాయించారు.

నాది కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్‌లో చిల్లర అంగడి. గని సర్కారు చేతికి వచ్చిన ఏడు మా నాయన గనికూలీల ఇళ్ల లైన్ల మధ్య పెట్టాడు. ఇప్పుడు అంగడి ముందర రూపాయి బిళ్ల వేస్తే మాట్లాడే ఎర్ర ఫోను కూడా ఉంది. అందుచేత ప్రజలకూ ప్రజాప్రతినిధికీ మధ్య వారధిని నేనే. ఈ మాట నా అంతట నేను అనుకుంటున్నది కాదు. ఎమ్మెల్యేగారి పీయే నాగేంద్రప్పగారు శిబిరంలో అందరి ముందూ అన్నారు. అని, ఒక డబ్బా బిస్కెట్లు పంపమన్నారు. పంపాను.

పాఠం చెప్పింది కూడా నాగేంద్రప్పగారే. ఎమ్మెల్యేగారు ప్రకటించి వెళ్లిపోయారు.

"ఫోన్ ఎత్తిన వెంటనే ఏడవకూడదు" అని మొదలుపెట్టారాయన. "పేరు చెప్పల్ల. ఏ లైనో చెప్పల్ల. ఆమీట సారును స్వల్ప పొగడల్ల. విషయం ఒక్కటే ఉండల్ల. రెండు చెప్తే సారుకు తలకాయ నొప్పి వస్తాది."

వెనక వరసలోంచి మా లైను నారాయణమ్మ లేచింది. "పని ఎప్పుడవుతాదో అడగొచ్చునా సామీ?"

"బేషుగ్గా అడగొచ్చునమ్మా. దానికి జవాబు 'చూస్తాము' అని. ఇప్పుడే చెప్పేసినాను గదా, ఇంగ దానికోసరం రూపాయి బిళ్ల దండగ చేసుకోవద్దు."

ప్రజల డబ్బు మీద ఇంత జాలి ఉన్న ఆఫీసును నేను ఇంకెక్కడా చూడలేదు.

నారాయణమ్మ అంత దూరం నడిచి శిబిరానికి రావడానికి కారణం ఉంది. శ్రీకంఠయ్యగారిని ఆ మధ్య శాసనసభ క్యాంటీను సలహా సంఘంలో సభ్యుడిగా వేశారు. ఉప్మాలో జీడిపప్పు విషయమై సలహా ఇచ్చే అధికారం కోలారు జిల్లాకు దక్కడం అదే మొదలు. ఆ సంతోషం పట్టలేక పార్టీ కార్యకర్తలు మా లైను మొదట్లో పెద్ద ఇనుప ఆర్చి నిలబెట్టారు. ఎడమపక్క కంబానికి గుంత తవ్వుతుంటే గడ్డపార టంగుమంది. రాయి అనుకుని ఇంకా గట్టిగా పొడిచారు. అది మా లైనుకు నీళ్లొచ్చే పైపు. కంబాన్ని అందులోకే దింపి చుట్టూ సిమెంటు పోశారు. దాంతో ఆర్చి ఎంత గాలికీ కదలకుండా నిలబడింది. మా కొళాయిలు తిప్పితే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

నారాయణమ్మది ఇడ్లీ అంగడి. పొద్దుటి షిఫ్టుకు పోయే కూలీలు ఆమె దగ్గర నాలుగు ఇడ్లీలు తిననిదే గనిలోకి దిగరు. మొగుడు లేని మనిషి, పొయ్యి వెలిగితేనే పూట గడుస్తుంది. బియ్యం నానబెట్టడానికి నీళ్లు లేక ఆ పొయ్యి ఆరిపోయింది. తాగే నీళ్లే ఊరిగాం నుంచి నెత్తిన మోసుకొస్తున్నారు, ఇంక ఇడ్లీకి ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇట్లాగే ఉంటే సామాను సర్దుకుని వేమగల్‌లో తమ్ముడింటికి పోయి మరదలి చేతికింద బతకాలి. ఆ మరదలిని నేను చూశాను. నారాయణమ్మ భయపడటంలో తప్పేం లేదు. నా బాధ నాకూ ఉంది, ఆమె కొనక మినపప్పు మూటకు పురుగు పడుతోంది.

శిబిరం అయిన మర్నాడే ఆమె నా ఫోను దగ్గరికి వచ్చి, చీర కొంగుతో రిసీవరు తుడిచి, బిళ్ల వేసింది.

"నమస్కారం సామీ. నా పేరు నారాయణమ్మ. చాంపియన్ రీఫ్సు, ఆర్చి ఉండే లైను. సారు ఆర్చి చానా బాగుండాది."

"సారుకు చెప్తానమ్మా. సంతోషం." అవతల ఫోను పెట్టేశారు.

ఆమె నా వైపు చూసింది. "నేను ఇంగా విషయం చెప్పలేదు శెట్టప్పా."

"ఆర్చి గురించి చెప్పినావు గదమ్మా. విషయం ఒక్కటే ఉండల్లని చెప్పినారు. అయిపోయింది."

ఆమె ఇంకో బిళ్ల వేసింది. ఈసారి పొగడ్త మానేసి కంబం, పైపు అని గబగబా చెప్పింది. నాగేంద్రప్పగారు ఎంతో ఓపికగా విన్నారు. "ఇది కంప్లెయింటమ్మా. ఫోన్లో కంప్లెయింటు చెప్తే ఈ చెవిలో దూరి ఆ చెవిలో పోతాది. రాసి పంపండి" అన్నారు.

ఆమెకు రాత రాదు కాబట్టి నేనే రాసిపెట్టాను. శిబిరంలో నేర్పినట్టు సవినయంగా మొదలుపెట్టి, క్యాంటీను పదవికి అభినందించి, ఆ తర్వాత పైపు సంగతి పెట్టాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఎమ్మెల్యేగారు నవ్వుతున్న బొమ్మ, దాని కింద "మీ అభినందనలు అందినవి" అని అచ్చు. నారాయణమ్మ దాన్ని ఇంట్లో గోడకు అంటించింది, పారేస్తే బాగుండదని.

రెండో ఉత్తరంలో అభినందనలు తీసేశాను. దానికి టైపు కొట్టిన జవాబే వచ్చింది. మా సమస్యను ఆర్చి కమిటీకి పంపారట. ఆర్చి కమిటీ అధ్యక్షులు నాగేంద్రప్పగారు. ఆయన పీయేగా తానే పంపిన కాగితాన్ని అధ్యక్షుడిగా తానే అందుకుని, నిష్పక్షపాతంగా విచారణ జరిపి, మా లైనుకు నోటీసు ఇచ్చారు. ఆర్చి పునాదిలోకి మీ పైపు అక్రమంగా చొరబడి ఉన్నది, వెంటనే తొలగించుకోవలెను అని దాని సారాంశం. సొంత ఆఫీసు మనిషని కూడా చూడకుండా అంత కఠినంగా విచారించేవాళ్లు ఈ కాలంలో ఎక్కడుంటారు?

ఇంతలో వెనక లైనులో మారమ్మ అనే ముసలమ్మ కాలం చేసింది. ఆమె కూతురు అండర్సన్‌పేట నుంచి ఆటోలో వచ్చేసరికి శ్రీకంఠయ్యగారు అప్పటికే వచ్చి, దండ వేసి, కన్నీళ్లు తుడుచుకుని, కాఫీ తాగుతున్నారు. చావు ఇంటికి ఆయన ఎన్నడూ ఆలస్యంగా రారు. పెళ్లికి పిలిస్తే దంపతులకు బిడ్డ పుట్టాక వస్తారు గానీ, చావుకు మాత్రం చుట్టాలకంటే ముందుంటారు. అది ఆయన గొప్ప గుణం.

ఆ సాయంత్రం నారాయణమ్మ నా అంగడి ముందరికి వచ్చింది.

"శెట్టప్పా, మనకు అడిగే పద్ధతి ఇప్పుడు తెలిసింది" అంది. "మన లైన్లో ఎవురన్నా చచ్చిపోవల్ల. పీనుగ తలమీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట మన పక్క ఎవురూ తప్పరు. తప్పితే ఆ పీనుగొచ్చి వాళ్ల గడప కాడే కూచుంటాది."

లైనంతా కూడి మీటింగు పెట్టారు. ఎవరు చావాలి అన్నదే చర్చ. చిన్నవెంకటప్ప అనే ఆయన తాను తప్పకుండా చచ్చేవాణ్ణేగానీ రేపు ఫస్టు షిఫ్టు ఉందన్నాడు. చిన్నక్క తన మొగుడి పేరు చెప్పింది. అతను ఒప్పుకోలేదు. ఆఖరికి ముసలి హనుమప్ప గోడకు ఆనుకుని కూర్చున్నవాడు చెయ్యెత్తాడు.

"నేను చస్తాలే" అన్నాడు. "బతికుండానని పింఛను ఆఫీసు వాళ్లకు కాగితం ఇస్తా ఉండాను, వాళ్లు నమ్మేది లేదు. నాకు అలవాటే. దినామూ పొద్దున మూడు ఇడ్లీ ఇస్తావా నారాయణమ్మా?"

"నాలుగు పెడతాను తాతా. నువ్వు ఊరికే చచ్చినట్టు కూచుంటే చాలు."

హనుమప్ప వయసంతా గని లోపల రాయి కొట్టినవాడు. ఆ విషయం మాకందరికీ తెలుసు. అయినా ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు ఆయనకు స్నానం చేయించకుండానే, నీళ్లు లేవు కాబట్టి, విభూతి పెట్టి, మా వైపు ఆచారం ప్రకారం ఇంటి ముందర కుర్చీలో కూర్చోబెట్టారు. దవడకు తెల్లగుడ్డ కట్టి, నుదుట రూపాయి బిళ్ల అంటించారు. కుర్చీ నాది. నేను ఫోను చేశాను.

"చాంపియన్ రీఫ్సు, హనుమప్ప పోయినాడు" అన్నాను.

"లైన్లో ఓట్లెన్ని?" అన్నారు నాగేంద్రప్పగారు. చెప్పాను. "వస్తా ఉండాము. దండ మేమే తెస్తాము, మీరు కొనవద్దండి."

పొగడమని కూడా అడగలేదు. ఆ వేగం చూసి నాకు ప్రజాస్వామ్యం మీద నమ్మకం బలపడింది.

నేను అంగడికి తలుపేసి లైను దగ్గరికి చేరేసరికి కారు ఆర్చి కిందుగా వచ్చి ఆగింది. ఎమ్మెల్యేగారు, పీయేగారు, ఫోటోగ్రాఫరు, వెనక జీపులో కార్యకర్తలు. దిగినవాడు దిగినట్టు ఒక్కొక్క కట్ట ఊదుబత్తులు వెలిగించి హనుమప్ప కాళ్ల దగ్గర గుచ్చాడు. ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. శ్రీకంఠయ్యగారు పీయే చెవిలో పేరు అడిగి తెలుసుకుని, కుర్చీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"హనుమప్ప నాకు తండ్రివంటివాడు. ప్రతి కష్టంలోనూ ఆయన సలహా తీసుకునేవాణ్ణి. మొన్న కూడా మాట్లాడినాను."

హనుమప్ప కదలకుండా విన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"ఆయన ఆఖరి కోరిక ఏమైనా చెప్పినాడా అమ్మా?" అని ఎమ్మెల్యేగారు నారాయణమ్మను అడిగారు.

ఆమె ఇందుకోసమే కాచుకుని ఉంది. "ఆ ఆర్చి కంబం పీకించి మా పైపు బాగుచేపియ్యమన్నాడు సామీ. నీళ్లు, నీళ్లు అంటానే ప్రాణం ఇడిసినాడు. తలమీద చెయ్యి పెట్టి చెప్పండి సామీ, ఆయన ఆత్మ చల్లబడతాది."

ఎమ్మెల్యేగారు ఆర్చి వైపు చూశారు. దాని మీద ఆయనే రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. లైను వైపు చూశారు. ఓట్లన్నీ గుమ్మాల్లో నిలబడి ఉన్నాయి. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి కాచుకున్నాడు. ఆయన మెల్లగా హనుమప్ప నడినెత్తిన చెయ్యి పెట్టారు.

"రేపు పొద్దున్నే కంబం పీకిస్తాను. పీనుగ ముందర ఇస్తా ఉండే మాట ఇది. తప్పితే నేను నాశనమైపోతాను."

నారాయణమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిజంగానే ఏడ్చింది. రాత్రికి బియ్యం నానబెట్టడానికి ఎవరింట్లో బిందె నీళ్లు అప్పు తీసుకోవాలో అప్పుడే లెక్కేసుకుంటోందని ఆమె ముఖంలో కనబడింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో కొంత ఊదుబత్తుల పొగ.

ఆ పొగే కొంప ముంచింది. హనుమప్ప ముఖం ఎర్రబడింది. మెడ నరాలు లేచాయి. "ఎంత కళగా ఉండాడు చూడండి" అన్నారు నాగేంద్రప్పగారు. ఆ మాట పూర్తి కాకముందే, వయసంతా మింగిన రాళ్లదుమ్ము ఒక్కసారి కదిలి, హనుమప్ప దగ్గాడు. దవడ గుడ్డ ఊడిపోయింది. నుదుటి బిళ్ల ఎగిరిపోయి ఎమ్మెల్యేగారి చెప్పుల దగ్గర పడింది. దగ్గు మొదలైతే ఆగదు కాబట్టి ఆయన కడుపారా దగ్గాడు. కార్యకర్తల్లో కొందరు జీపెక్కేశారు.

శ్రీకంఠయ్యగారు మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు. అది నాయకత్వం. హనుమప్ప తలమీద ఉన్న చెయ్యి నెమ్మదిగా తీసి, రుమాలుతో తుడుచుకున్నారు.

"బతికే ఉండాడా?"

"ఉండాడు సామీ" అంది నారాయణమ్మ. "మేము చేసింది తప్పే. ఎన్ని తూర్లు ఫోన్ చేసినా, ఎన్ని రాసినా పలికేవాళ్లు లేరు. అందుకే ఇట్ల చేసినాము. అయినా మాట ఇచ్చేసినారు గదా."

"ఇచ్చినాను. యాడ కాదన్నాను?" అన్నారాయన. కోపం లేదు, ఎంతో శాంతంగా చెప్పారు. "పీనుగకు ఇచ్చిన మాట తప్పితే మహాపాపం అమ్మా. నేను చచ్చినా తప్పను. అయితే ఈయన బతికుండాడే."

అంత చిక్కు ప్రశ్న అంత తేలిగ్గా విప్పేసిన మనిషిని క్యాంటీను సంఘంలో పెట్టడం అన్యాయం అనిపించింది నాకు.

ఆయన వంగి హనుమప్ప రెండు చేతులూ పట్టుకున్నారు. "నూరేండ్లు చల్లగా ఉండు తాతా" అని దీవించి, ఆ భంగిమలో ఫోటో తీయించుకుని, కారెక్కారు.

నాగేంద్రప్పగారు కారు అద్దం దించి తల బయటపెట్టారు. మమ్మల్ని అట్లా వదిలేసి పోవడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. "మీరేమీ బాధపడొద్దండి. సారు మాట అట్లే ఉంటాది. ఈ తాత నిజంగా పోయిన దినం ఒక ఫోన్ కొట్టండి, మర్నాడే కంబం పీకిస్తాము."

కారు ఆర్చి కిందుగా వెళ్లిపోయింది. దుమ్ము అణిగింది. చిన్నక్క, చిన్నవెంకటప్ప, గుమ్మాల్లో ఉన్నవాళ్లందరూ ఒక్కొక్కరే తల తిప్పి కుర్చీలో ఉన్న హనుమప్ప వైపు చూశారు. నేనూ చూశాను.

నారాయణమ్మ దగ్గరికి పోయి, జారిపోయిన దండను ఆయన మెడలో సరిచేసింది.

"తాతా" అంది ఎంతో ప్రేమగా, "ఈ నడుమ నీకు దగ్గు చానా ఎక్కువైనట్టుండాదే."

హనుమప్ప ఆమెనూ, మమ్మల్నీ ఒకసారి కలియజూశాడు. లేచి నిలబడి, నా కుర్చీ కూడా ఇంట్లోకి లాక్కుని, లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.