సీమకుక్క కేతేపల్లిలో స్థిరపడిన వైనం

మోత్కూరులో జరిగిన గొర్ల కాపరుల సభలో మంత్రిగారు మైకు అందుకుని, ఇకమీదట రాష్ట్రంలో ఏ కాపరీ గొర్ల వెంట నడవనక్కరలేదని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మరి గొర్ల వెంట ఎవరు నడుస్తారన్న అనుమానం చప్పట్లు ఆగాక గాని ఎవరికీ రాలేదు.

"బోర్డర్ కోలీ," అన్నారు మంత్రిగారు.

ఆయన అంతకు ముందు నెలే ఒక చలిదేశానికి అధ్యయన యాత్ర చేసి వచ్చారు. అక్కడ కాపరి ఒక్క ఈల వేస్తే, నలుపూ తెలుపూ బొచ్చుకుక్క ఒకటి మందనంతా కొండ మీంచి దింపి దొడ్లోకి తోలడం కళ్లారా చూశారు. ఎమ్మెల్యేలకు కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటే బాగుండునని అప్పుడు ఆయన మనసులో మెదిలిందని గిట్టనివాళ్లు అంటారు. అది అబద్ధం. ఆయన ఆలోచన పూర్తిగా గొర్ల గురించే.

వేదిక మీద చివరి కుర్చీలో ఉన్న గిరి అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. గిరిది కేతేపల్లి. ఉద్యమం రోజుల నుంచీ జెండా మోసినవాడు. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి ఒకసారి, గ్రంథాలయాల చైర్మన్ పదవి ఒకసారి అతని దాకా వచ్చి పక్కవాడి ఒళ్లో పడ్డాయి. ఈసారి మంత్రిగారు సభలోనే అతని భుజం మీద చెయ్యి వేశారు. "మన గిరి గొర్లకాడ పుట్టిన బిడ్డ. కోలీ అభివృద్ధి సంస్థకు చైర్మన్ ఈయ్ననే."

మర్నాడు పొద్దున్నే ఊరి ఆడవాళ్లు గంపలు పట్టుకుని గిరి ఇంటి ముందు నిలబడ్డారు. మంత్రిగారు బార్డర్ కోళ్లు పంచుతున్నారని వాళ్లకు వినబడింది. ఇంటికి తలా రెండు పెట్టలైనా ఇవ్వమని అడిగారు. గిరి తల్లి సత్తమ్మ కూడా కొడుకును పక్కకు పిలిచింది.

"ఇంతకు కోళ్లా, కుక్కలా కొడుకా?"

"కుక్కలే అమ్మా."

"అయితె గుడ్లు పెట్టయి," అని ఆమె మంద తోలుకుని మూసీ కాల్వ వైపు వెళ్లిపోయింది.

కుక్కలు విమానంలో వచ్చాయి. రెండు జంటలు. గిరి శంషాబాదుకు దండలు తీసుకుపోయాడు. ఒక జంట అటు నుంచి అటే పరిశీలన నిమిత్తం మంత్రిగారి ఫామ్‌హౌస్‌కు వెళ్లింది. ఆ పరిశీలన నేటికీ కొనసాగుతోంది. రెండో జంటలోని మగకుక్క పశుసంవర్ధక శాఖ జాయింట్ డైరెక్టర్ విజేందర్ గారి కూతురికి నచ్చింది గనుక, శాఖాపరమైన పర్యవేక్షణ కోసం వారింటికి వెళ్లింది. మిగిలిన ఆడకుక్క కేతేపల్లికి వచ్చింది. దాని పేరు రాణి.

"సార్, ఆడది ఒక్కటే ఉంటె జాతి ఎట్ల పెరుగుతది?" అని గిరి అడిగాడు.

విజేందర్ గారు చాలా ఓపిక ఉన్న అధికారి. "చైర్మన్ గారూ, పరదేశపు జాతి స్థిరపడుడు అనేది ఒక ప్రాసెస్. మూడు తరాలు ఈడ పుట్టాలె. మూడు తరాలూ జాతి లక్షణాల స్టాండర్డ్ ప్రకారం ఉండాలె. అప్పుడు ఢిల్లీ నుంచి జడ్జి వచ్చి గుర్తింపు ఇస్తడు. మీరు ప్రాసెస్ మొదలుపెట్టుండ్రి. మిగిలింది ప్రకృతి చూస్కుంటది."

ముందుగా కాపరులకు శిక్షణ పెట్టారు. రాణికి ఇంగ్లీషు తప్ప రాదు. 'కమ్ బై' అంటే మందను ఒక వైపు నుంచి చుట్టి వస్తుంది, 'అవే' అంటే ఇంకో వైపు నుంచి. అందుకని మండలంలోని కాపరులందరినీ ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన టీచరమ్మ చేత ఇంగ్లీషు చెప్పించారు.

గుర్వయ్య అనే ముసలి కాపరి లేచి నిలబడ్డాడు. "సారూ, మేం గింతమందిమి ఇంగ్లీషు నేర్సుడుకంటె, గా ఒక్క కుక్క తెలుగు నేరిస్తె అల్కగ అయితది గద."

"మంచి సూచన," అన్నారు విజేందర్ గారు. "కాని బడ్జెట్ మనుషులకే వచ్చింది."

శిక్షణ ముగిశాక అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. గుర్వయ్యకు 'కమ్ బై' వచ్చింది గాని 'అవే' రాలేదు. అతనికి ప్రోత్సాహక సర్టిఫికెట్ ఇచ్చారు.

ఎండాకాలం వచ్చింది. సంస్థ నిధులతో గిరి ఇంట్లో ఏసీ బిగించారు. అది కుక్క కోసమే గనుక కుక్క ఉన్న గదిలోకే ఇల్లంతా చేరింది. గిరి, అతని భార్య స్నేహలత, సంస్థ పనుల మీద వచ్చిన కార్యకర్తలు అందరూ అక్కడే పడుకునేవారు. రాణి మాత్రం మూలకు ముడుచుకుని తిండి మానేసింది. కిటికీలోంచి గొర్లు పోతున్న చప్పుడు వినబడితే లేచి తలుపు గీకేది. పశువుల దవాఖాన డాక్టర్ హరిత వచ్చి చూసి, రోగం ఏమీ లేదనీ, కుక్కకు పని లేదనీ చెప్పింది. చైర్మన్ ఇంట్లో ఇలాంటి మాట అనవచ్చునా అని కార్యకర్తలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"పనికి పుట్టిన జీవాన్ని కట్టేస్తె సస్తది బిడ్డా," అంది సత్తమ్మ. గొర్ల ఉన్ని కత్తిరించే కత్తెర తెచ్చి రాణి బొచ్చంతా గొరిగి పడేసింది. ఆ రోజు నుంచి తెల్లవారగానే తన వెంట మందకు తీసుకుపోయేది. ఎవరి కంటా పడనివ్వొద్దని గిరి బతిమాలుకున్నాడు. వేల మైళ్లు దాటి వచ్చిన ప్రభుత్వ కుక్క కాల్వగట్టున జొన్న గటుక తింటోందంటే పేపరోళ్లు ఊరుకోరు.

ఒక సాయంత్రం ఏం చేస్తుందో చూద్దామని గిరి కాల్వ దాకా వెళ్లాడు. సత్తమ్మ వేపచెట్టు కింద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ వేళకు తల్లి గొర్ల వెనక ఉరుకుతూ ఉండటమే చూశాడు గాని కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. ఆమె నాలుకతో టకటకమని చప్పుడు చేసింది. ఎక్కడో పొలాల అవతల రాణి పొట్ట నేలకు ఆనించి, కళ్లు గొర్ల మీద పెట్టి, చుట్టు తిరిగి వచ్చింది. మొరగలేదు, కరవలేదు. మందంతా నీళ్లు పారినట్టు ఒక్క దారిన పడింది.

"మోకాళ్ల నొప్పులు తగ్గినయ్ రా," అంది సత్తమ్మ.

పార్టీలో ఇన్నేళ్ల అనుభవంలో, పైనుంచి వచ్చిన పథకం ఒకటి నిజంగా పనిచేయడం అతను మొదటిసారి చూస్తున్నాడు. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తోచలేదు. చెబితే ఏసీ గదిలో ఉండాల్సిన కుక్క ఇక్కడెందుకుందని అడుగుతారు. ఇంటికి వచ్చేశాడు.

ప్రకృతి కూడా తన వంతు పని చేసింది. గుర్వయ్య మందలో కర్రోడు అనే నాటుకుక్క ఉంది. రాణికి పిల్లలు పుట్టినప్పుడు, వాటి తండ్రి ఎవరని హరిత అడిగింది.

"సంస్థ," అన్నాడు గిరి.

హరిత అలాగే రాసుకుంది. పిల్లల్లో నలుపూ తెలుపూ ఉన్నాయి గాని చెవులు కిందికి వాలాయి. విజేందర్ గారు వచ్చి చూసి, స్టాండర్డులో 'చెవులు నిక్కబొడుచుకుని ఉండవలెను' అన్నచోట 'స్థానిక వాతావరణమునకు తగినట్లు' అని సవరించారు. రెండో తరంలో తెలుపు పోయింది. రంగును సవరించారు. మూడో తరానికి తోక చుట్ట చుట్టుకుంది, ఒళ్లు మట్టిరంగుకు వచ్చింది. గొర్లను చూస్తే ఆ పిల్లలు మంచం కిందికి దూరేవి. 'శాంత స్వభావము' అని కొత్తగా చేర్చారు. ఇన్ని సవరణలతో కుక్కలకు ఏ ఇబ్బందీ రాలేదు. మూడో తరంలో బాగా బలిసినదానికి 'మహారాజ్' అని పేరు పెట్టి ఏసీ గదిలో ఉంచారు. దానికి ఏసీ చాలా నచ్చింది.

నల్లగొండలో గుర్తింపు ప్రదర్శన ఏర్పాటైంది. మంత్రిగారు, ఢిల్లీ జడ్జి, టీవీ వాళ్లు అంతా వచ్చారు. జాతికి మూలమైన తల్లికుక్కకు సన్మానం చేస్తే బాగుంటుందని గిరి రాణిని కూడా బండిలో ఎక్కించుకు వచ్చాడు. జడ్జి సవరించిన స్టాండర్డు చేతిలో పట్టుకుని మహారాజ్‌ను చూశాడు. అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. తర్వాత రాణి దగ్గరికి వచ్చాడు. గొరిగిన బొచ్చు, ఎండకు కమిలిన చర్మం, నిటారు చెవులు, చుట్ట తిరగని తోక. ఒక్కటీ సరిపోలేదు.

"ఈ నాటుకుక్కను ఎవరు తెచ్చిండ్రు?" అన్నారు మంత్రిగారు.

విజేందర్ గారు గిరి వైపు చూశారు. రాణి బోర్డర్ కోలీ అంటే మహారాజ్ కాదన్నట్టు. మహారాజ్ అయితే రాణి కాదన్నట్టు. కెమెరాలన్నీ తన వైపు తిరిగినట్టు గిరికి అనిపించింది.

"మా అమ్మ మంద కుక్క సార్. పొరపాటున బండెక్కింది."

అందరూ నవ్వారు. మహారాజ్ మెడలో పతకం వేశారు. బోర్డర్ కోలీ రాష్ట్రంలో స్థిరపడిందని జడ్జి ప్రకటించాడు.

ఇంటికి వచ్చాక సత్తమ్మ అడిగింది. "రాణినేమన్నరు?"

"నాటుదన్నరు," అన్నాడు గిరి తల ఎత్తకుండా.

"మంచిమాటే గద. మనదైపోయినట్టే," అని సత్తమ్మ రాణికి గటుక పెట్టింది. ఆ రాత్రి గిరికి అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు మంత్రిగారు కాన్వాయితో విజయవాడ రోడ్డు మీదుగా హుజూర్‌నగర్ సభకు పోతున్నారు. మహారాజ్‌ను సభలో చూపించాలని గిరి దాన్ని ఒళ్లో పెట్టుకుని మంత్రిగారి కారులోనే కూర్చున్నాడు. కేతేపల్లి దాటగానే బండ్లు ఆగాయి. రోడ్డంతా గొర్లు. ఎదురుగా లారీ హారన్ కొడుతూ వేగంగా వస్తోంది. పోలీసులు అరుస్తుంటే గొర్లు ఇంకా బెదిరి చెదిరిపోయాయి. నడుమ కర్ర పట్టుకుని సత్తమ్మ నిలబడి ఉంది. గిరి తలుపు తీయబోయాడు. ఈలోగా పక్క చేలోంచి రాణి వచ్చింది. లారీకీ మందకూ నడుమ అర్ధచంద్రంలా ఒక్క చుట్టు చుట్టింది. గొర్లన్నీ, వాటితో పాటు సత్తమ్మ, రోడ్డు పక్కకు దిగిపోయాయి. లారీ వెళ్లిపోయింది. మహారాజ్ సీటు కింద ఉంది.

మంత్రిగారు అద్దం దించి చాలాసేపు చూశారు. "చూసినవా గిరీ. మన నాటుకుక్క. దీని ముందట సీమకుక్కలు ఎందుకు పనికొస్తయ్? వేల ఏండ్ల నుంచి మన పల్లెలల్ల ఉన్న జాతి. దీన్ని ప్రపంచానికి చూపియ్యాలె. ఆ చలిదేశపోళ్లకు మనమే కానుకగ పంపుదాం."

గిరికి తల్లి మోకాళ్లు గుర్తొచ్చాయి. వేపచెట్టు కింద చాపిన కాళ్లు గుర్తొచ్చాయి. "సార్," అన్నాడు. "అది మనం తెప్పిచ్చిన కుక్కనే సార్. బోర్డర్ కోలీ అదే. నల్లగొండల నేను అబద్ధం చెప్పిన. ఈ సీటు కిందిది గుర్వయ్య కుక్క సంతానం."

పదవి పోయిందని గిరికి అర్థమైంది. విచిత్రంగా, ఆకలి వేసింది.

మంత్రిగారు అతని తొడ మీద చరిచారు. "ఇదే గిరీ మన జబ్బు. మంచిది ఏది కనబడ్డా సీమదే అంటం. మన మీద మనకు నమ్మకం లేదు. ఈ బానిస బుద్ధి పోవాలె." ఆ ముక్క ఆయనకే బాగా నచ్చి హుజూర్‌నగర్ సభలో కూడా చెప్పారు. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది.

వారం తిరగకుండానే హరిత టేపు పట్టుకుని సత్తమ్మ దొడ్డికి వచ్చింది. నిప్పులు చెరిగే ఎండ. గిరి రాణిని పట్టుకున్నాడు. హరిత దాని మెడ కొలిచింది, ఛాతీ కొలిచింది, ముందుకాళ్ల పొడవు కొలిచింది.

"గీ కొలతలెందుకు బిడ్డా?" అని సత్తమ్మ అడిగింది.

"స్వెటర్‌కు అమ్మా," అంది హరిత, ముఖంలో ఏ భావమూ లేకుండా. "ఆ దేశంల చలి ఎక్కువంట. మన కుక్కకు అలవాటు లేదని సారు ఫికర్ చేస్తున్నరు."