వీపు నేలకు తగలని రాజుగారు

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని అక్కడి జంతువులే చెప్పుకునే అడవిలో, రాజును నిర్ణయించే పద్ధతి చాలా సులువుగా ఉండేది. వానలు వెలిశాక అందరూ ఏటి ఒడ్డున చేరేవారు. రాజుతో తలపడతామన్నవాళ్లు ముందుకొచ్చేవారు. ఎవరి వీపు నేలకు తగిలితే వాళ్లు ఓడినట్టు. ఓడిన రాజు ఏరు దాటి వెళ్లిపోవాలి, మళ్లీ ఈ ఒడ్డుకు రాకూడదు.

వీరకేసరి అనే సింహం చాలాకాలంగా అక్కడ రాజు. చాలాకాలంగా ఎవరూ ముందుకు రాకపోవడమే అందుకు కారణం. ఈలోగా ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి, కోరలు ఊడాయి, పొట్ట మాత్రం పొరుగు అడవుల వైపు విస్తరించింది.

ఆ ఏడు చుక్కమ్మ అనే చిరుతపులి "నేనొస్తా" అంది. ఇంకేమీ అనలేదు. అంత తక్కువ మాట్లాడే ప్రత్యర్థిని చూస్తే ఎవరికైనా గుబులే.

వీరకేసరికి తిండి సయించలేదు. పుట్టి పెరిగిన అడవి వదిలి, ముసలితనంలో ఏటి అవతల ఎవరి దయ మీదనో బతకాలంటే ఏడుపొచ్చింది. మంత్రి కిటుకయ్యను పిలిపించాడు. కిటుకయ్య నక్క. రాజుకన్నా అతనికే ఎక్కువ బెంగ, ఎందుకంటే రాజుగారు తిని వదిలేసిన ఎముకల మీదే అతని సంసారం నడుస్తోంది. చుక్కమ్మ ఎముకలు కూడా వదలదని ప్రతీతి.

"కొండమీది పాడుబడ్డ కోటలో ఉక్కు కవచం ఉంది ప్రభూ" అన్నాడు కిటుకయ్య. "పూర్వం ఎవరో రాజు సముద్రాల అవతలి నుంచి తెప్పించుకున్నాడట. కత్తి దిగదు, బల్లెం దిగదు. చుక్కమ్మ గోరు ఒక లెక్కా?"

కోతులు వెళ్లి కవచం మోసుకొచ్చాయి. ఆయుధశాలలో మనుషుల కవచాలు కూడా ఉన్నాయిగానీ, అవి రెండు కాళ్ల మీద నిలబడేవాళ్లవి. నాలుగు కాళ్లకు సరిపోయేది ఒక్కటే దొరికింది. మెడకు పలకలు, రొమ్ముకు పలక, వీపు మీద వెడల్పాటి రేకు, దాని కింద మెత్త, ముఖానికి పొడుగాటి తొడుగు, దాని నుదుటి మీద ఒక కొమ్ము. గుంపులోంచి ఒక గాడిద, ఇది గుర్రానికి వేసేది కదా అంది. గాడిదలకు రాజకీయాలు తెలియవని కిటుకయ్య దాన్ని పక్కకు తోలించాడు.

తొడిగేసరికి పొద్దెక్కింది. పొట్ట దగ్గర పట్టీలు చాలక కోతులు అడవి తీగలు తెచ్చి, ఊపిరి బిగబట్టమని రాజుగారికి మనవి చేసుకుని, ముడులన్నీ వీపు మీద బిగించాయి. గుర్రం మూతికి చేసిన తొడుగులో సింహం మూతి ఇరుక్కుపోయింది. గర్జించబోతే ఎవరో బిందెలో తుమ్మినట్టు వినబడింది. ప్రజలు దాన్ని కొత్త గర్జన అనుకుని జేజేలు కొట్టారు.

పోటీకి న్యాయమూర్తి కూర్మావధాని గారు. ఆయన తాబేలు. తీర్పు ఆలస్యంగా ఇస్తాడు, ఇచ్చాక మార్చడు. ఒకసారి బయటికొచ్చిన మాట మళ్లీ లోపలికి పోకూడదంటాడు. తల మాత్రం ఎన్నిసార్లయినా లోపలికి పోతుంది.

పోటీ మొదలైంది. చుక్కమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. రాజుగారు ఒక అడుగు వెనక్కి వేయబోయారు. కాలు కదిలింది, కవచం కదల్లేదు. ఇసుకలో తూలి, ధడేల్మని వెల్లకిలా పడ్డారు. నాలుగు కాళ్లూ ఆకాశం వైపున్నాయి, ఆ బరువుతో తమంతట తాము దొర్లలేకపోయారు. చుక్కమ్మ ఆయన్ని ముట్టుకోనైనా లేదు.

కిటుకయ్య కళ్లముందు ఎముకలు తిరిగాయి. ఒక్క గంతులో న్యాయమూర్తి ముందు వాలాడు.

"అయ్యా, నేలకు తగిలింది ఉక్కు. ఉక్కు కింద మెత్త ఉంది, మెత్త కింద జూలు ఉంది, ఆ తర్వాతే రాజుగారి వీపు. తమరు మాత్రం ఎన్నిసార్లు వెల్లకిలా పడలేదు? ఒక్కసారైనా తమ వీపు నేలను తాకిందా?"

కూర్మావధాని ఆలోచనలో పడ్డాడు. చిన్నప్పటి నుంచి ఆయన పడని చోటు లేదు, నవ్వనివాళ్లు లేరు. ఆ అవమానం ఇన్నేళ్లకు ఒక న్యాయసూత్రమయ్యే అవకాశం వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆలోచించి చెప్పాడు.

"రాజు వీపు నేలకు తగల్లేదు. కాబట్టి రాజు పడలేదు. రాజే గెలిచాడు."

చుక్కమ్మ సరేనని పక్కన కూర్చుని కాలు నాక్కుంది. విజయోత్సవానికి రాజుగారిని లేపుదామని ఏనుగు తొండం చాచింది. అవధాని అడ్డం వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"పడ్డారు కదండీ, లేపుతున్నా."

"పడలేదని ఇప్పుడే చెప్పాను. పడనివాణ్ణి లేపడమంటే తీర్పును ధిక్కరించడమే. అందుకు శిక్ష, ఏరు దాటించడం."

ఏనుగు తొండం వెనక్కి తీసుకుంది. కవచం విప్పుదామంటే ముడులన్నీ వీపు కిందే ఉన్నాయి. పోనీ పక్కకు దొర్లిద్దామంటే, అదీ లేపడం కిందికే వస్తుందన్నాడు అవధాని.

ఇక సభ కూడా అక్కడే జరిగేది. రాజుగారు పడుకుని ఉండగా నిలబడటం మర్యాద కాదని సభ్యులంతా వెల్లకిలా పడుకున్నారు. అందరి కాళ్లూ పైకే ఎత్తి ఉన్నందువల్ల తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గాయి.

లోపల వీరకేసరికి చీమలు పట్టాయి. పిట్టలు ముక్కుతో తెచ్చి పోసే నీళ్లు తప్ప గొంతులోకి ఏమీ దిగడం లేదు. పాపం, ఏటి అవతలి ఒడ్డు ఇప్పుడాయనకు స్వర్గంలా తోచింది. చివరికి బిందె గొంతుతోనే మొర పెట్టుకున్నాడు.

"అవధానిగారూ, నేను పడ్డాను. నిజంగా పడ్డాను. ఓడిపోయాను. నన్ను పంపించెయ్యండి."

అవధాని తల లోపల పెట్టుకుని చాలాసేపటికి బయటికి తీశాడు. "ప్రభువుల గెలుపును శంకించడం రాజద్రోహం. మొదటి తప్పు గనుక క్షమిస్తున్నాను" అన్నాడు.

రాజుగారు తినక, ఎముకలు మిగలక, కిటుకయ్య డొక్కలు ఎండిపోయాయి. సిగ్గు విడిచి చుక్కమ్మ దగ్గరికి పోయి, ఏమైనా మిగిలిందా అని అడిగాడు. ఆవిడ దుప్పి తొడ కొరుకుతూ, "గెలిచినాయన్ని అడగవయ్యా" అంది.

నీతి లేకుండా లేవనంటారా, ఇదుగో: పడ్డవాణ్ణి ఎవరైనా లేపుతారు, పడలేదని గెలిచినవాణ్ణి లేపే దిక్కుండదు.