వెండి సభ్యుడు, ఉచిత సీటు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన నాణేలన్నిటిలోకీ శ్రేష్ఠమైనది, ఖర్చు పెట్టడానికి వీల్లేని నాణెం. బంగారాన్ని దొంగలెత్తుకుపోవచ్చు. నోట్లు తడిసిపోవచ్చు. స్థలాన్ని పక్కవాడు గోడ జరిపి కలిపేసుకోవచ్చు. క్రెడిట్ కార్డు పాయింట్లను మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ముఖ్యంగా వాటి యజమాని ఏమీ చేయలేడు. ఇంతటి భద్రత గల ఆస్తి సామాన్యుడికి అందుబాటులోకి వచ్చి చాలాకాలమైనా, దాని మాహాత్మ్యాన్ని పూర్తిగా గ్రహించినవారు కొద్దిమందే. అలాంటివారిలో ఒకాయన, కుళాయిలూ వాష్‌బేసిన్లూ అమ్మే ఒక పెద్ద కొట్లో లెక్కలు చూస్తుంటాడు.

బంధువులు ఆయన్ని పాయింట్ల బావ అంటారు. ఆయన బావ కానివాళ్ళు కూడా అలాగే అంటారు. నలుగురూ కలిసి హోటల్‌కి వెళ్తే, బిల్లు రాగానే అందరికన్నా ముందు లేచేది ఆయన చెయ్యే. చూసినవాళ్ళు ఎంత ధర్మాత్ముడో అనుకుంటారు. బిల్లంతా తన కార్డు మీద కట్టి, ఎవరి వాటా వాళ్ళ దగ్గర అక్కడికక్కడే వసూలు చేసుకుని, పాయింట్లు మాత్రం తన ఖాతాలో వేసుకుంటాడన్న సంగతి బిల్లు పళ్ళెం వెనక్కి వెళ్ళాక గానీ తెలియదు. (రెండోసారి హోటల్‌కి ఆయన్ని ఎవరూ పిలవరు.)

స్టేషనరీ మీద మూడింతల పాయింట్లని కార్డువారు ప్రకటించిన నెలలో ఆ ఇంటికి వచ్చిన స్టాప్లర్లతో ఒక చిన్నపాటి ప్రభుత్వ శాఖను నడపవచ్చు. మిక్సీ ఉండగా ఇంకో మిక్సీ వచ్చింది. కార్డు తీసుకోని కూరగాయలావిడ దగ్గర కొనడం మాత్రం ఆయన మానిపించేశాడు. ఆవిడ దగ్గర బెండకాయలు లేతగా ఉంటాయని భార్య మొత్తుకుంటే, "లేతవే, నేను కాదన్నానా? పాయింట్లు రావు కదా" అన్నాడు.

ఆ భార్య ఒక దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. దవడ పట్టుకుని వచ్చినవాళ్ళని "ఇంకో పది నిమిషాలండీ" అని కూర్చోబెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ మాట చెప్పడం ఆవిడకు ఉద్యోగంలో అలవాటైంది. వినడం పెళ్ళయ్యాక అలవాటైంది.

ఆవిడకొక అక్క ఉంది. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. జడలేసి బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుని తెల్లవార్లూ విసిరింది. ఇప్పుడు ఆ అక్క ఉన్న ఊరికి విమానంలో అయితే గంట, బస్సులో అయితే ఒక రాత్రీ మర్నాడు మధ్యాహ్నం దాకానూ. అక్కకు చూపు తగ్గిపోతోంది. ఉన్నదాన్ని కొన్నాళ్ళు కాపాడగలం గానీ పోయినదాన్ని తేలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

"ఎదురుగా నించుంటే మొహాలు ఇంకా తెలుస్తున్నాయే చిట్టీ," అంది అక్క ఫోన్లో. "మంచి వెలుతురుంటే చాలు. నీ మొహం ఒకసారి చూసుకుని దాచుకుంటా. తొందరగా రా."

ఫోన్ పెట్టేసి ఆవిడ ఆ సాయంత్రమే బస్సుకి వెళ్తానంది. పాయింట్ల బావ ఒంటికాలి మీద లేచాడు.

"బస్సా! ఇన్నేళ్ళుగా నేను పాయింట్లు కూడబెట్టింది ఎందుకే? నిన్ను విమానంలో పంపిస్తా. అదీ ఉచితంగా. కాస్త ఆగు."

ఆవిడ ఎన్నడూ విమానం ఎక్కలేదు. మనసులో ఆశ పుట్టింది, కాదనడానికి లేదు. అక్కకు చెప్పింది. అక్క వీధి వీధంతా చెప్పింది. దాంతో ఇక బస్సు అన్నది పరువుకు సంబంధించిన విషయమైపోయింది.

ఇక్కడ ఉచిత సీటు అంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం. కార్డు పాయింట్లు సూటిగా విమానం ఎక్కలేవు. ముందు వాటిని విమాన సంస్థవారి పాయింట్లుగా మార్చుకోవాలి. (చేరినందుకే కొన్ని పాయింట్లిస్తారని తెలిసి, ఆయన తన కుటుంబ ఖాతాలో భార్య పేరును కూడా ఎప్పుడో చేర్పించాడు.) ఆ మార్పులో అవి మొదటిసారి ఉతికిన నూలు చొక్కాలాగా కుంచించుకుపోతాయి. ఆ తర్వాత సంస్థవారి ఆత్మీయ సభ్యుల నియమావళి వర్తిస్తుంది. అందులో ఇలా ఉంది: "ఉచిత సీటు అనగా, ఏ దినమున ఎవరునూ ప్రయాణింపదలచరో ఆ దినమున లభించు సీటు. అట్టి సీటును సభ్యుడు కోరిన ఎడల, దానికి గిరాకీ కలదని రుజువైనందున, అది ఉచిత సీటు కాకుండా పోవును."

పాయింట్ల బావ ఈ వాక్యాన్ని పలుమార్లు చదివి, దీన్ని రాసినవాడెవడో చాలా చదువుకున్నవాడని మెచ్చుకున్నాడు. తర్వాత సంస్థకు ఫోన్ చేశాడు, సీట్లు లేవన్నారు. నెల తిరిగాక మళ్ళీ చేశాడు. పాట విన్నాడు. అదే పాట మళ్ళీ విన్నాడు. చివరికి సహాయ ఉపాధికారి (సభ్యుల సంతోషం) అనే ఆయన లైన్లోకి వచ్చాడు.

"మా ఆవిడకి ఒక ఉచిత సీటు కావాలండీ. వచ్చే నెల్లో ఎప్పుడైనా సరే."

"వచ్చే నెల్లో లేవు సార్. పోయిన నెల్లో బోలెడు ఉండేవి."

"పోయిన నెల్లో అడిగితే లేవన్నారు కదా?"

"అడిగితే ఉండవు సార్." ఉపాధికారి గొంతులో విసుగు లేదు, జాలి కూడా లేదు. "అయినా మీ కార్డు వల్ల మీరు వెండి సభ్యులు. వెండి సభ్యులకి సీట్లు అందరికన్నా ముందు చూపిస్తాం."

"ముందు చూపిస్తే ఏం లాభమండీ, ఉండాలి కదా?"

"లేవన్న సంగతి మీకు అందరికన్నా ముందు తెలుస్తుంది సార్."

ఆ గౌరవానికి ఆయన ఛాతీ కాస్త ఉబ్బింది. అంతలో ఉపాధికారి అసలు సంగతి బయటపెట్టాడు. ఈ ఏడాది పూర్తయ్యేలోగా డబ్బు పెట్టి కొన్న టికెట్లతో రెండుసార్లు వెళ్ళి రాకపోతే వెండి పోతుందట.

"వెండి పోతే?"

"రాగి సార్."

"రాగి వాళ్ళకి సీట్లు ఎప్పుడు చూపిస్తారు?"

"రాగి వాళ్ళకి మేం ఫోన్ ఎత్తం సార్."

పాయింట్ల బావ ఆ రోజు కొట్లో ఒక వాష్‌బేసిన్ ధరకి రెండిటి బిల్లు రాసేశాడు. తర్వాత నిదానంగా ఆలోచించాడు. భార్య ఉచితంగా వెళ్ళాలంటే సీటు కనబడాలి. సీటు కనబడాలంటే వెండి ఉండాలి. వెండి ఉండాలంటే తను డబ్బు పెట్టి ఎగరాలి. ఎక్కడికి ఎగరాలన్నది నియమావళిలో లేదు గనక, అన్నిటికన్నా చవకైన టికెట్ ఏ ఊరికి ఉందో వెతికాడు. అది వదినగారి ఊరికే ఉంది.

(ఆ డబ్బుతో భార్యనే పంపవచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. వ్యవస్థ బొత్తిగా అర్థం కానివాళ్ళకు వచ్చే సందేహం అది.)

"నీ టికెట్ పని మీదే తిరుగుతున్నా" అని చెప్పి ఒక ఆదివారం బయల్దేరాడు. చెప్పింది అక్షరాలా నిజం. విమానం దిగాడు, పొడుగాటి వరండాలో నడిచాడు. వెండి సభ్యుల విశ్రాంతి గదిలో ఉచిత బిస్కెట్లు తిన్నాడు, రెండు జేబులో వేసుకున్నాడు, వచ్చిన విమానంలోనే తిరిగొచ్చేశాడు. ఆ పై ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి తిరుగు ప్రయాణంలో, మంచినీళ్ళిచ్చే అమ్మాయి ఆయన్ని గుర్తుపట్టింది.

"ఇందాక దిగారు కదా సార్! ఏమైనా మర్చిపోయారా?"

ఆయన జేబులు తడుముకుని చూసుకున్నాడు. ఫోనుంది, కార్డుంది, బిస్కెట్లున్నాయి.

"లేదమ్మా, ఏమీ మర్చిపోలేదు" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన సంతోషం పట్టలేకపోయాడు. ఈయన దాచాడనీ, ఆవిడ కనిపెట్టిందనీ ఎవరైనా అనుకుంటే పొరపాటు. దాచడానికి ఇందులో ఏముందో ఆయనకు తెలియదు.

"వెండి నిలబడిందే! మీ అక్క వాళ్ళ ఊరు రెండుసార్లు వెళ్ళొచ్చా. ఇక నీ సీటు వచ్చినట్టే."

ఆవిడ ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఎవరి ఊరు?"

"మీ అక్క వాళ్ళదే. చవగ్గా ఉందని."

"అక్కని చూశారా?"

"ఎలా చూస్తానే? బయటికొస్తే తిరుగు విమానం తప్పిపోదూ?"

"అక్కయ్య ఇల్లు అక్కడికి దగ్గరే కదండీ. మేడ మీంచి విమానాలు కనబడతాయంది."

"దగ్గరే. అద్దాల్లోంచి చూశా. ఆ వీధి నీళ్ళ ట్యాంకు కూడా కనబడింది."

"ఎలా ఉంది?"

"బాగుంది. కొత్తగా రంగు వేశారు."

ఆవిడ అడిగింది ట్యాంకు గురించి కాదు. అది ఆయనకు తట్టలేదు. ఆవిడకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ముందొచ్చి ఏడుపుకి చోటివ్వలేదు.

"డబ్బు పెట్టే కదా కొన్నారు ఆ టికెట్లు? ఒక్కటి నాకు కొంటే ఈపాటికి అక్క నన్ను చూసుకునుండేది కదండీ?"

"నువ్వెళ్తే నా వెండి ఎలా నిలబడుతుందే? నీకేమో అసలు రాగి కూడా లేదాయె."

ఆవిడ చెయ్యి కడుక్కుంది. లోపలికి వెళ్ళి సంచీలో రెండు చీరలు కుక్కుకుంది. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేశాడు.

"రేపు సోమవారం దాకా ఆగవే! సోమవారం వెండి వాళ్ళకి కొత్త సీట్లు తెరుస్తారు."

"మా క్లినిక్‌లో నేనూ అలాగే చెప్తానండీ, ఇంకో పది నిమిషాలని," అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. "ఆ రోజు డాక్టరు రాడని తెలిసినా సరే అలాగే చెప్తా. పక్కకి జరగండి."

బస్సులో వెనక చక్రం మీద సీటు దొరికింది. నడుం పట్టేసింది. ముందు సీట్లో ఎవరి పిల్లో దారంతా వాంతులు చేసుకుంది. ఆవిడ మాత్రం తెల్లవారేసరికి నవ్వుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎక్కగానే కదిలి, కదిలాక ఊరు చేరే వాహనం ఎక్కి ఆవిడకు చాలా రోజులైంది.

మర్నాడు మధ్యాహ్నం కొట్లో ఉండగా పాయింట్ల బావకు వదినగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మరిదిగారూ, చిట్టి వచ్చిందండీ. పెరట్లో ఎండలో నించోబెట్టి చూసుకున్నా. కనబడింది. చిక్కిపోయింది పిచ్చిది. నెత్తిన తెల్ల వెంట్రుకలు కూడా కనబడ్డాయి, ఎన్నడొచ్చాయో ఏమో." ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "విమానంలో రాలేదేమని వీధిలో అందరూ అడుగుతున్నారు. సీటు ఖాళీ లేదట అని చెప్పా. అంతే కదండీ?"

"అంతే వదినా," అన్నాడు ఆయన.

ఆయనకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. ఇంతసేపూ ఆయన్ని ఆడిపోసుకుని, ఆ సంగతి రాయకపోతే అన్యాయం. రెండు ఆదివారాలు అద్దానికి ఇవతల నిలబడి తను చూసినది ఏమిటో, చూడనిది ఏమిటో ఆ క్షణంలో స్పష్టంగా తెలిసొచ్చింది. భార్య ఫోన్ తీసుకోగానే ఆ మాటే చెబుదామని గొంతు సవరించుకున్నాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"బస్సు టికెట్ ఏ కార్డు మీద తీసుకున్నావ్?"

"డబ్బులిచ్చి కొన్నానండీ."

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

"తెలీదండీ. అక్క ఇంట్లో ఖాళీ ఉంది. అడిగినా ఉంటోంది. ఉన్నన్నాళ్ళు ఉంటా."

సాయంత్రం ఇంటికొచ్చి తనే అన్నం వండుకున్నాడు. అడుగంటింది. రెండు మిక్సీల మధ్య ఖాళీలో కంచం పెట్టుకుని కూర్చునేసరికి ఫోన్ టింగుమంది. విమాన సంస్థవారు.

"అభినందనలు! ఈ సంవత్సరం మీరు మీ ఆత్మీయుల ఊరికి మాతో రెండుసార్లు ప్రయాణించారు. మీ వెండి సభ్యత్వం కొనసాగుతుంది. మీ కుటుంబ ఖాతాలోని ఒక సభ్యురాలు చేరినప్పటి నుంచీ ఎక్కడికీ ప్రయాణించలేదు. ఆమెను కుటుంబం నుంచి తొలగించమంటారా?"

కింద అవును, కాదు అని రెండు బొత్తాలున్నాయి. ఆయన చాలాసేపు వాటి వంక చూశాడు. ఇల్లు బావురుమంటోంది. భార్య లేని ఇంట్లో తను ఒక్కపూట కూడా సరిగ్గా అన్నం తినలేడన్న సంగతి అప్పుడే తెలిసింది. స్క్రీన్‌కి అంటిన మెతుకొకటి వేలితో తుడిచాడు. ఆ తుడవడంలో స్క్రీన్ కొంచెం పైకి జరిగి, బొత్తాల కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వాక్యం కనబడింది: "తొలగించిన ఎడల, సదరు సభ్యురాలి పేరిట చేరిన పాయింట్లు రద్దగును."

వెంటనే "కాదు" అన్న బొత్తాం నొక్కాడు. ఆ సన్నటి అక్షరాల పుణ్యమా అని ఆ కాపురం నిలబడింది.