కొలత తప్పిన పరుగు

ఆ ఆదివారం ఉదయం సర్వేయరు పెట్టుకున్న పని ఒక్కటే: స్కూటరు ప్లగ్గు విప్పి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించడం. ఆ తర్వాత పేపరు చదవాలి, చదివిన పేపరు మొహం మీద కప్పుకుని ఒక కునుకు తీయాలి. ప్లగ్గు విప్పడం దాకా అంతా సవ్యంగానే సాగింది. అంతలో కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏదైనా అడగాలంటే ముందు ఎడమ కాలితో కుడి మడమ గోక్కుంటుంది.

"నాన్నా, మా డ్రిల్లు టీచర్ నిన్ను రమ్మంది. గ్రౌండులో పరుగుకి గీతలు గీయాలట."

"మీ బళ్ళో గీసేవాళ్ళు లేరా?"

"గీసేవాళ్ళున్నారు, కొలిచేవాళ్ళే లేరు. మా నాన్న ఉన్నాడని నేనే చెప్పాను."

ఆ ఆఖరి మాటతో సర్వేయరు స్పానరు కింద పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన కొలత తప్పిందని ఒక్క అర్జీ రాలేదు. సరిహద్దు దగ్గర కర్రలెత్తిన అన్నదమ్ములు కూడా ఈయన టేపు పరిచేసరికి దించేసేవారు. మంచం గోడకు ఎంత ఎడంగా ఉందో చూపుతోనే సెంటీమీటర్లలో చెప్పేవాడు. ఆ విద్యను మెచ్చుకోని మనిషి ఆయనెరిగినంతలో ఒక్క భార్యే.

ఆడపిల్లల హైస్కూలు మైదానంలో డ్రిల్లు టీచర్ సున్నం బస్తాతో సిద్ధంగా ఉంది. పొట్టి మనిషి. మెడలో ఈల వేలాడుతోంది గానీ, ఆ గొంతుకు ఈలతో పనిలేదు. ఆవిడ చేరి రెండు నెలలే. అంతకు ముందు ఆ బళ్ళో డ్రిల్లు పిరియడంటే లెక్కల టీచరు వచ్చి మిగిలిపోయిన లెక్కలు చేయించే పిరియడు. ఈవిడ హెడ్‌మిస్ట్రెస్‌తో పోట్లాడి ఆ పిరియడు వెనక్కి తెచ్చుకుంది. ముగ్గురు పిల్లల్ని ఏరి, నలభై రోజుల్లో జరగబోయే జిల్లా పోటీలకు, ఎనిమిది వందల మీటర్ల పరుగుకు, పేర్లిచ్చింది. ఆ ముగ్గురిలో సర్వేయరు కూతురొకతె.

సర్వేయరు కాగితం మీద లెక్క వేశాడు. తిన్నగా ఉండే వైపులు ఎనభై అయిదేసి మీటర్లు, రెండు మలుపులు నూట పదిహేనేసి. మొత్తం నాలుగు వందలు. మేకులు కొట్టాడు, తాడు కట్టాడు. అంతా అయ్యాక డ్రిల్లు టీచర్ మొహమాటంగా అడిగింది.

"సార్, వంద మీటర్ల పందెం కూడా ఇందులోనే పెట్టుకోవాలండీ. తిన్నగా ఉన్న వైపు వంద చేయలేమా?"

"దానికేం భాగ్యం మేడమ్!"

రెండు వైపులా పదిహేనేసి మీటర్లు పెంచాడు. ఇక మలుపుల్ని ఆ మేరకు తగ్గించాలి. సరిగ్గా అప్పుడే భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, వరండాలో నల్లగా ఏదో ఇనప ముక్క పడుంది. పారేయనా?"

"అది ప్లగ్గు! ముట్టుకోకు!"

ఆ కంగారులో మలుపులు పాత కొలతతోనే గీసేశాడు. అలా ఆ మైదానంలో ముప్పై మీటర్లు ఎవరికీ తెలియకుండా పుట్టాయి. వాటి మీద సున్నం కూడా చక్కగా పడింది.

మర్నాటి నుంచి పిల్లలు పరుగు మొదలుపెట్టారు, కష్టాలు కూడా మొదలయ్యాయి. కిందటేడు జిల్లాలో మొదట వచ్చిన పిల్ల రెండు రౌండ్లూ రెండు నిమిషాల యాభై అయిదు సెకండ్లలో పూర్తిచేసింది. వీళ్ళకు మూడున్నర నిమిషాలు పట్టింది. డ్రిల్లు టీచర్ ముందు స్టాప్‌వాచ్‌ని అనుమానించి మార్చింది. తర్వాత బూట్లు మార్పించింది. ఎండ వల్లేమోనని సాధనను తెల్లవారుజాముకు జరిపింది. రోజూ రెండు పూటలా కలిపి పది రౌండ్లు తిప్పింది. ట్రాకును మాత్రం అనుమానించలేదు. సర్వేయరుగారు కొలిచిన ట్రాకది! ఎంత చేసినా నెలాఖరుకు కాలం మూడు నిమిషాల అయిదు సెకండ్ల దగ్గర మొరాయించింది. పోటీ దరఖాస్తులో ఆవిడ నిజాయితీగా అదే రాసి పంపింది.

హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితం చూసి పెదవి విరిచింది. "ఓడిపోవడానికి ఇంత చాకిరీ ఎందుకమ్మా? ఈ ఒక్కసారికీ పంపుతాను. గెలవకపోతే ఆ స్థలంలో సైకిళ్ళ షెడ్డు వేయిస్తా. డ్రిల్లు పిరియడులో మళ్ళీ లెక్కలే."

ఆ సంగతి కూతురు ఇంట్లో చెప్పింది. సర్వేయరు గొంతు సవరించుకున్నాడు.

"చూడు తల్లీ. గడియారం అబద్ధం చెప్పదు. కొలత అంతకన్నా చెప్పదు. ఇక మిగిలింది నువ్వే."

మర్నాడు పిల్ల ఇంకో అరగంట ముందు లేచింది.

పోటీల రోజు పిల్లలూ టీచరూ పొద్దున్నే వ్యానులో వెళ్ళిపోయారు. సర్వేయరుకు హెడ్‌మిస్ట్రెస్ దగ్గరనుంచి కబురొచ్చింది, ఎలాగూ గెలవరు కాబట్టి షెడ్డుకు స్థలం కొలిచి పెట్టమని. ఆయన టేపు తీసుకెళ్ళి మలుపు వెంట పరిచాడు. నూట పదిహేను. నొసలు ముడిపడింది. రెండో మలుపూ అంతే. తిన్నని వైపులు వందేసి. కూడాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచి, మళ్ళీ కూడాడు. మూడోసారి కూడా నాలుగు వందల ముప్పై వచ్చేసరికి ఆ సున్నం గీత మీదే చతికిలబడ్డాడు. అబద్ధం చెప్పింది పిల్ల కాళ్ళు కాదు.

పరుగు మొదలవకముందే ఆ మాట దాని చెవిన వేయాలి. టేపు భుజాన తగిలించుకుని స్కూటరెక్కాడు. మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు, ప్యాంటు వెనక సున్నం అలాగే ఉన్నాయి. స్టేడియం గేటు దగ్గర కాపలాదారు అడ్డుపడ్డాడు.

"తప్పుకోవయ్యా! ట్రాకు ముప్పై మీటర్లు ఎక్కువుంది! వెంటనే చెప్పాలి!"

కాపలాదారు కార్డు చూశాడు, టేపు చూశాడు, లోపలికి పరిగెత్తాడు. "సార్, సర్వే ఆఫీసునుంచి పెద్దాఫీసరొచ్చాడు. మన ట్రాకు ముప్పై మీటర్లు ఎక్కువుందట!"

పోటీల కార్యదర్శికి ముచ్చెమటలు పోశాయి. వేదిక మీద ముఖ్య అతిథి కూర్చుని ఉన్నాడు మరి. వెంటనే మైకందుకుని, ప్రభుత్వ తనిఖీ పూర్తయ్యేదాకా ఎనిమిది వందల మీటర్ల పరుగు ఆపుతున్నామని ప్రకటించాడు.

"అది కాదండీ, నేను చెప్పేది..."

"మీరేం చెప్పక్కర్లేదు సార్, రూలంటే రూలే!" అని ఇద్దరు మనుషుల్నిచ్చి ఆయన్ని ట్రాకు మీదికి తోశాడు.

గీత దగ్గర నిలబడిన పన్నెండు మంది ఆడపిల్లలూ, మోకాళ్ళ మీద పాకుతూ టేపు పరుస్తున్న పెద్దమనిషిని చూశారు. వాళ్ళలో ఒక పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. సర్వేయరు డ్రిల్లు టీచర్ పక్కకు చేరి గుసగుసలాడాడు. "మేడమ్, మన ట్రాకు..."

"తర్వాత సార్! పిల్లల ఒళ్ళు చల్లబడిపోతోంది!" అంటూ ఆవిడ ముగ్గురినీ నిలబడ్డచోటే గెంతించింది.

ట్రాకు సరిగ్గా నాలుగు వందలుంది. సంతకం కూడా పెట్టించుకున్నారు. ఆయన్ని బయటికి పంపడం మాత్రం మరిచిపోయారు. అంతలో తుపాకీ పేలింది.

సర్వేయరు తన కూతురు పరిగెత్తగా ఎప్పుడూ చూడలేదు, ఎన్ని సెకండ్లు పట్టిందో వినడమే. పన్నెండు మందీ ఆయన పక్కనుంచి చేతికందేంత దగ్గరగా వెళ్ళినప్పుడు కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. ఊపిరుల చప్పుడు మీద పడి వెళ్ళిపోయింది. రెండో రౌండులో మిగతావాళ్ళ భుజాలు వాలుతుంటే, తమ బడి పిల్లలు ముగ్గురూ అప్పుడే నిద్రలేచినట్టు సాగారు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా బద్ధకంగా తెచ్చే ఆ పిల్లేనా ఇది? ఆ కాళ్ళు నేల మీద ఎంతసేపు ఉంటున్నాయో గాలిలోనూ అంతసేపు ఉంటున్నాయి. సర్వేయరు నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

ఆ ముగ్గురిలో పొడుగుపిల్ల మొదట వచ్చింది, రెండడుగుల వెనక కూతురు. ఆ తేడా ఎన్ని సెంటీమీటర్లో లెక్కకట్టాలని ఆయనకు తోచనే లేదు. మూడో పిల్ల నాలుగో స్థానంలో వచ్చింది. విచిత్రమేమంటే ముగ్గురూ ఆగలేదు. రిబ్బను తెంచుకుని, కార్యదర్శిని దాటి, ఇంకో అరవై మీటర్లు పోయాక గానీ వాళ్ళ కాళ్ళకు పందెం అయిపోయినట్టు తెలియలేదు. రెండు నిమిషాల యాభై రెండు సెకండ్లు!

చప్పట్లు ఆగకముందే నీలం జెర్సీల బడి కోచ్ దరఖాస్తు కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "మోసం! మూడు నిమిషాల అయిదని వీళ్ళే రాసిచ్చారు! ఇప్పుడు పదమూడు సెకండ్లెలా తగ్గాయి? ఈ కొలిచినాయన రెండోదాని తండ్రట! కొలిచే వంకతో ట్రాకే తగ్గించేశాడు!"

కార్యదర్శి సర్వేయరు వైపు తిరిగాడు. "సార్, ఇంతకీ మీరు ఆఫీసరేనా?"

నోరు మెదపకపోతే పతకాలు పోతాయి. మెదిపితే ఇరవై రెండేళ్ళ పేరు పోతుంది. సర్వేయరు కూతురి మొహంలోకి చూసి, మైకు తీసుకున్నాడు.

"నేను ఆఫీసర్ని కాదండీ. ఆ పిల్ల తండ్రిని. ఈ ట్రాకు సరిగ్గానే ఉంది, కావాలంటే మీరే కొలుచుకోండి. తప్పు మా బళ్ళో ట్రాకుది. అది గీసింది నేనే. రౌండుకి ముప్పై మీటర్లు ఎక్కువ గీశాను. వీళ్ళు నలభై రోజులుగా అందులోనే పరిగెత్తారు. చేతకావడం లేదని మేమందరం అంటుంటే, వింటూ పరిగెత్తారు."

కోచ్ తనే టేపు పట్టి చుట్టూ కొలిచాడు. నాలుగు వందలే. టేపు తిరిగి ఇచ్చేటప్పుడు అతను సర్వేయరును చూడలేదు, కళ్ళింతలు చేసుకుని ఆ ముగ్గురు పిల్లల్నే చూశాడు.

కూతురు వేళ్ళ మీద లెక్క వేసింది. "రోజుకి పది రౌండ్లు, రౌండుకి ముప్పై, నలభై రోజులు... నాన్నా! పన్నెండు కిలోమీటర్లు!"

"అవునమ్మా."

"కొలత అబద్ధం చెప్పదన్నావు."

"చెప్పింది తల్లీ. నేనే చెప్పించాను."

"ఇంకెప్పుడూ నన్నలా అనకు."

"అనను."

పిల్ల బూట్ల సంచీ ఆయన చేతిలో పెట్టి, స్నేహితురాళ్ళ దగ్గరికి పరుగు తీసింది. అంత పరిగెత్తాక కూడా దానికి నడవాలని అనిపించకపోవడం చూసి, సర్వేయరు ఆ సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

షెడ్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వారం తిరక్కుండా సర్వేయరు ఆఫీసుకు నాలుగు బళ్ళనుంచి అర్జీలొచ్చాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది నీలం జెర్సీల బడిది: "సదరు సర్వేయరు గారిని మా మైదానానికి కూడా పంపి, ముప్పై మీటర్ల తప్పుతో ట్రాకు గీయించుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన."

ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి, ఎర్ర సిరాతో అడుగున రాశాడు: "తప్పుగా కొలుచుటకు ఈ కార్యాలయంలో ఎవరికీ ప్రత్యేక అనుమతి అవసరం లేదు."