అడుగులు పడని మనిషి

మంచు అడవిలోంచి బయటికి వచ్చే గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టరు, మంచులో పడ్డ అడుగుల్నే చూస్తారు. ఆ సాయంత్రం ముగ్గురు స్నేహితులు తిరిగొస్తే ఇద్దరి అడుగులే తేలాయి. కాబట్టి ఒకరు రానట్టు. శీతాకాలం సెలవుల్లో ఇది మామూలే గనక గేటు అధికారి కంగారుపడలేదు. ముగ్గుర్నీ తన గదిలో పొయ్యి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, రానివారెవరో మీలో మీరు తేల్చుకోండి అన్నాడు. తెలుగువాళ్ళు బాగా వస్తుంటారని ఆయన తెలుగు నేర్చుకున్నాడు.

తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముగ్గురూ విజయనగరంలో ఒకే కాలేజీలో పాఠాలు చెబుతారు. జోగారావు, అప్పలస్వామి పక్కపక్కన ముందు నడిచారు. గౌరీపతి జోగారావు వెనక నడిచాడు. అతను మంచు తొక్కి ఎరగడు. తన అడుగు పడ్డచోటే అడుగు వేస్తే జారవని జోగారావు పొద్దున చెప్పాడు. గౌరీపతి రోజంతా అలాగే వేశాడు. ఒక్కసారీ జారలేదు.

"నేను వచ్చానండి," అన్నాడు గౌరీపతి. "మోకాళ్ళు లాగేస్తున్నాయి. బూట్లలో మంచు కూడా ఉంది, చూడండి."

"మోకాళ్ళు ఇంట్లో కూర్చున్నా లాగుతాయండి," అన్నాడు అధికారి, విసుగేమీ లేకుండా. "మంచు మా గుమ్మం ముందూ ఉంది. ఫొటోలున్నాయా?"

బోలెడున్నాయి. అన్నీ గౌరీపతే తీశాడు.

"వీడొచ్చేడండీ బాబూ!" అన్నాడు అప్పలస్వామి. "దారంతా మా వెనకాలే ఉన్నాడు."

"వెనక్కి తిరిగి చూశారా?"

అప్పలస్వామి జోగారావు మొహం చూశాడు. దేవదారు చెట్లూ శిఖరాలూ అన్నీ ముందువైపే ఉన్నాయి మరి.

"చూళ్ళేదు గానీ, మాట వినబడింది. మేం ఏటంటే అదే అన్నాడు."

"లోయ కూడా మీరేమంటే అదే అంటుందండి."

గౌరీపతికి అయోమయంగా అనిపించింది. కొండెక్కినట్టే గుర్తు. కానీ ఏం చూశానా అని తలుచుకుంటే జోగారావు మడమలే కళ్ళ ముందుకొచ్చాయి. పోనీ ఇప్పుడే నాలుగడుగులు వేసి చూపిస్తానన్నాడు. చీకటి పడ్డాక అడవిలోకి ఎవర్నీ వదలరనీ, లోపలికి వెళ్ళనివాణ్ణి బయటికి పంపే అధికారం తనకు లేదనీ అధికారి ఓపిగ్గా చెప్పాడు. రేపు పొద్దున్నే వెళ్ళి, సొంత అడుగులు వేసుకుని వస్తే ఏ అభ్యంతరమూ ఉండదు.

రైలు ఆ రాత్రికే. రోడ్డు మీద జీపు హారన్ కొడుతోంది.

"ఒరే, ఏటీ అనుకోకు," అంటూ జోగారావు తన మఫ్లరు తీసి గౌరీపతి మెడకు చుట్టాడు. "రేపు నీ అడుగులు నువ్వేసుకుని బయల్దేరిపో. కాలేజీ తెరిచేలోగా వచ్చెస్తావు."

"నన్ను లాక్కొచ్చింది మీరే కదరా!"

"లాక్కొచ్చేం. కానీ ఆయన చెప్పింది వింటుంటే నువ్వొచ్చేవో లేదో నాకే తెలకుండా పోతంది."

మఫ్లరు వెచ్చగా ఉంది. అంత చలిలో మెడలోంచి తీసి ఇచ్చినవాణ్ణి గౌరీపతి ఇంకేమీ అనలేకపోయాడు.

జీపు కదులుతుంటే అప్పలస్వామి తల బయటికి పెట్టి, "వచ్చే ఏడు నువ్వు కూడా రావాల్రా!" అని కేకేశాడు. అందులో వెక్కిరింత లేదు.

"తప్పకుండా," అన్నాడు గౌరీపతి గది కిటికీలోంచి.

రాత్రంతా మంచు కురిసింది. తెల్లారాక అధికారి అడవివైపు తలుపు తీశాడు.

"మీ అదృష్టమండి. ఒక్క గుర్తూ మిగల్లేదు. కాలు ఎక్కడ వేసినా అది మీదే."

గౌరీపతి గుమ్మంలో ఆగాడు. కుడికా, ఎడమకా, తిన్నగానా? ఒక కాలు ఎత్తాడు. ఎక్కడ దించాలో తెలియలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు, అదొక మేలు. గదిలో రాత్రి అతనితోపాటు పడుకున్న మనుషులు కొందరున్నారు. వాళ్ళలో ఒకాయన, "దిగులు పడకండి, మేమూ రోజూ ఈ గుమ్మందాకా వస్తూనే ఉంటాం," అన్నాడు.

ఇంతలో ఖమ్మం నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు కేకలు పెట్టుకుంటూ గుమ్మం దాటారు.

"బాబూ, మీ వెనకాల రావచ్చా?" అని అడిగాడు గౌరీపతి.

"రాండి సార్, ఏమైతది!" అన్నాడు చివరివాడు, వెనక్కి తిరక్కుండానే.

ఆ కుర్రాడి కాలు లేచిన గుంటలో గౌరీపతి తన బూటు పెట్టాడు. సరిగ్గా పట్టింది. గదిలోవాళ్ళంతా లేచి వచ్చి అతని వెనక ఒక్కొక్కరే వరస కట్టారు. గౌరీపతికి ప్రాణం కుదుటపడింది.