ఊ కొట్టించే విద్య

కరువు తాలూకాలో పిల్లల పుస్తకాలు రాయడాన్ని మించిన సేద్యం లేదు. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. దుక్కి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ఆకాశం వైపు చూసి చూసి మెడనొప్పి తెచ్చుకునే పని అసలే లేదు. కావలసినప్పుడు కావలసినంత వాన మనమే కురిపించుకోవచ్చు. పావగడ తాలూకా రైతులారా, ఇంకా ఎందుకండీ ఆలస్యం?

నాకీ జ్ఞానం పోయిన ఎండాకాలం కలిగింది. బెంగుళూరు నుంచి ఒక సంఘం వాళ్లు వచ్చి పావగడలో మూడు రోజుల శిబిరం పెట్టినారు. బడిలో కన్నడం చదివినా ఇంట్లో తెలుగు మాట్లాడే మా సరిహద్దు పిల్లల కోసం, మా చేతనే తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు రాయిస్తారంట. మధ్యాహ్నం భోజనం ఉందని తెలిసి పదకొండు మందిమి రచయితలమైపోయినాము.

శిబిరం నడిపింది సదానంద మేష్ట్రు. రిటైరైన బడిపంతులు, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. "మీ మీ ఆసక్తుల్లో నుంచే కథ పుట్టాలప్పా" అన్నాడు. "ఒకరికి పక్షులంటే ఇష్టం, ఒకరికి నక్షత్రాలంటే ఇష్టం. మీకేమంటే ఇష్టమో అది రాయండి."

గంగాధరప్పకు బోరుబావులంటే ఇష్టం. ఇష్టమంటే, మూడు వేయించినాడు, మూడూ ఎండినాయి. ఆయన కథలో నాలుగోదీ ఎండింది. మేష్ట్రు దాంట్లో నీళ్లు పడేట్టు దిద్దినాడు. బైలప్పకు గొర్రెలు. ఆయన కథ చివర గొర్రె సంతకు పోతుంది. మేష్ట్రు దాన్ని వెనక్కి తోలుకొచ్చి మెడలో గంట కట్టించినాడు. మూడేండ్లుగా సరైన వాన చూడని తాలూకాలో, పదకొండు పుస్తకాల్లోనూ ఎనిమిదో పేజీలో వాన పడింది! సర్కారు చేయలేని పని ఒక ఎర్ర పెన్ను చేసిందా లేదా?

నా వంతు వచ్చింది. "బోరయ్యా, నీకేమి ఇష్టం?"

"పిల్లోళ్ల నోళ్లు స్వామీ" అన్నాను.

నవ్వకండి. నాలుగో తరగతిలో బడి మానేసినా, పిల్లల సాహిత్యంలో నేను చేసినంత సాధన ఎవరూ చేసి ఉండరు. పదేళ్లకే నాకు ఆ ఉద్యోగం దొరికింది, పావగడ బజార్లో కోదండరామ్ శెట్టి మండీలో.

విత్తే కాలం ముందర ఆ మండీలో ఆడోళ్లూ పిల్లోళ్లూ వరసగా కూర్చుని శెనక్కాయలు ఒలిచి విత్తనాలు తీసేవాళ్లు. ఒలిచే చేతికీ నోటికీ జానెడు దూరం. పొద్దున్నించి కడుపులో ఏమీ లేని పిల్లోళ్ల ముందర రాసులు పోసి తినొద్దంటే ఎట్లా? కర్ర పట్టుకుని నిలబడితే అందరి మీదా కన్ను పడదు. శెట్టి తెలివైనవాడు. ఒకణ్ని కథ చెప్పమనేవాడు, మిగతా అందరూ ఊ కొట్టాల. ఊ కొడతా ఉంటే నమలడానికి కుదరదు. ఊ ఆగిందంటే ఆ నోట్లో విత్తనం ఉన్నట్టే.

కథ చెప్పే ఆ ఒకణ్ని నేనే. శెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన సూత్రాలు ఏ శిబిరంలోనూ మీకు దొరకవు. కథ నవ్వించకూడదు, నవ్వితే నోరు తెరుచుకుంటుంది. భయపెట్టకూడదు, భయపడ్డ పిల్ల చెయ్యి నోటికి పోతుంది, ఆ చేతిలో విత్తనాలు ఉంటాయి. తిండి మాట అసలు రాకూడదు. నా కథల్లో ఒక రాజకుమారికి మూడుసార్లు పెళ్లయింది, ఒక్క పెళ్లిలోనూ భోజనాల్లేవు. ఏడు సముద్రాలు దాటిన వీరుడు ఎక్కడా గుక్కెడు మజ్జిగ తాగలేదు. ఇంత నిష్ఠగా ఎవరు రాస్తున్నారండీ ఈ కాలంలో?

ఇంక నా చెవి సంగతి. ఇరవై ఊల్లో ఒక్క ఊ తేడాగా ఉన్నా పట్టేసేవాణ్ని. బుగ్గన విత్తనం దాచుకుని కొట్టే ఊ వేరు. అది ముక్కులోంచి వస్తుంది.

ఒకరోజు అట్లాంటి ఊ వినబడింది. కథ ఆపి, వినబడిన పక్కకు వేలు చూపించినాను. వేలు పోయిన చోటికి కన్ను తర్వాత పోయింది. ఆడ కూర్చున్నది మా చెల్లెలు ఓబక్క. ఎనిమిదేళ్ల పిల్ల. శెట్టి అందరి ముందరా దాని నోరు తెరిపించినాడు. నమిలిందంతా నేల మీద ఉమ్మించినాడు. పిడికెడు కూడా లేదు. ఆపొద్దు నాకు బెల్లం ముక్క ఇచ్చినాడు. తిన్నాను.

శిబిరంలో నేను రాసింది ఇదే. ఒక్క మార్పు చేసినాను. రచయితను కదా, ఆమాత్రం హక్కు లేదా? నా కథలో అన్న వేలు చూపించడు. ఏడో పేజీలో కథ ఆపి, చూడనట్టు మొహం పక్కకు తిప్పుకుంటాడు. ఆ కింద ఇట్లా రాసినాను: "ఓబక్క పిడికెడు విత్తనాలు తినింది." అంతే, ఒక్క వాక్యం.

మేష్ట్రు ఎర్ర పెన్ను తీసినాడు. "దొంగతనం నేర్పిస్తామా బోరయ్యా?"

"ఆ పిల్లకు ఆకలైంది స్వామీ."

"అయితేనేమి? ఇది చదివేది పిల్లలు."

"వాళ్లకూ ఆకలైతాది కదా స్వామీ."

"ఈ వాక్యం ఉంటే పుస్తకం అచ్చుకు పోదు. నీ ఇష్టం."

అట్ట మీద నా పేరు చూసుకోవాలని నాకూ ఉండె. సరేనన్నాను. ఇప్పుడు ఏడో పేజీలో ఓబక్క విత్తనాలు నోట్లో వేసుకోబోయి, తప్పు తెలుసుకుని, గంపలో వేస్తుంది. బొమ్మ గీసినాయన దానికి బూరె బుగ్గలు, రెండు రిబ్బన్లు పెట్టినాడు. ఎనిమిదో పేజీలో మామూలే, వాన.

ముప్పై అయిదేండ్ల కిందట ఒకసారి, ఇప్పుడు ఒకసారి. రెండుసార్లూ దాన్ని పట్టిచ్చింది నేనే.

పుస్తకం తీసుకుని బలసముద్రం పోయినాను. ఓబక్కను ఆ ఊరికే ఇచ్చినాము. వాకిట్లో కూర్చుని తన చేనుకు విత్తనాలు ఒలుస్తా ఉండాది, ఈ ఏడన్నా వాన పడి పదును దొరక్కపోతుందా అని. దానికి చదువు రాదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఈ లావుపిల్ల ఎవురన్నా?" అనింది.

"నువ్వే."

"నేనెప్పుడు ఇంత బాగా తింటి? సరే, చదువు చూద్దాం."

చదివినాను. దాని చేతులు ఒలుస్తానే ఉన్నాయి, నోరు ఊ కొడతానే ఉంది. ఇద్దరికీ పాత అలవాటు. ఏడో పేజీ వచ్చింది. అచ్చులో ఉన్నది వదిలేసి, నేను రాసింది చదివినాను. "ఓబక్క పిడికెడు విత్తనాలు తినింది."

ఊ రాలేదు.

నేను తలెత్తలేదు. కొంచేపు ఆగి, "ఏమ్మా, ఊ కొట్టవేమి?" అన్నాను.

"నోట్లో విత్తనాలు ఉండాయి" అనింది. "గమ్మునుండన్నా కొంచేపు."

కాబట్టి రచయితలు కాదల్చుకున్నవాళ్లకు నా సలహా ఇంతే. ఎనిమిదో పేజీలో ఎంత వానైనా పెట్టుకోండి, నేను అడ్డం రాను. ఏడో పేజీ కాడ మాత్రం కాసేపు ఆగండి. ఊ రాకపోతే, ఆ నోరు ఎవరిదని చూడొద్దండి.