లాక్ వేశారా?

ఆ ఆదివారం ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పశువుల డాక్టరమ్మ కొండమీది పాడికి వెళ్ళి, తొలిచూలు ఆవునొకదాన్ని చూసి, భోజనం వేళకు ఇంటికి రావాలి. రోజూ ఆమెను జీపులో తిప్పే డ్రైవరు మేడమెట్ల మీద జారి, కాలు మడతపడి మంచమెక్కాడు. ఆమెకూ డ్రైవింగు వచ్చు. కానీ కిందటి వారం ఒక గుర్రం ఆమె ఎడమచేతి బొటనవేలిని తన మెడకీ సాల తలుపుకీ మధ్య నొక్కేసింది. వేలికి ఇంత లావు కట్టు. గేరు రాడ్డు ఉండేదేమో ఎడమచేతి వైపు.

"నేనున్నానుగా, నేను నడుపుతాను," అన్నాడు వాళ్ళాయన.

వాళ్ళాయన లెక్కల మాస్టారు. ఇంటికీ బడికీ మధ్య చిన్న కారొకటి, ఎవరికీ ఏ అపకారమూ జరగకుండా, ఏళ్ళ తరబడి నడుపుతున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన మనసులో ఒక చిన్న వెలితి ఉంది. భార్య వేళాపాళా లేకుండా బురదల్లోనూ వానల్లోనూ తిరిగి, ప్రాణాలు నిలబెట్టి ఇంటికొస్తుంది. తాను అన్నం వండి, వేణ్ణీళ్ళు కాచి, ఎదురు చూస్తుంటాడు. ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా ఆమె బూట్లకంటిన మట్టి చూసినప్పుడల్లా, తన చెప్పులు మరీ శుభ్రంగా ఉన్నట్టు ఆయనకు అనిపించేది. అందుకే డ్రైవరు పడ్డాడని తెలిసి పైకి అయ్యో పాపం అన్నా, లోపల కొంచెం సంతోషపడి, ఆ సంతోషానికి సిగ్గుపడి, కొండదారుల్లో జీపు నడిపే వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

చూసినదాన్ని మనసులో దాచుకునే అలవాటు మాస్టర్లకు ఉండదు. కాఫీ దగ్గర రెండు ఖాళీ కప్పులు అటూ ఇటూ బోర్లించి, వాటి మధ్య చెంచా ఆనించి, పాఠం మొదలుపెట్టాడు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. ఆ తేడా సర్దేదే డిఫరెన్షియల్. మంచి రోడ్డు మీద అంత పెద్దమనిషి మరొకడు లేడు. బురదలోకి దిగితే మాత్రం ఆ మంచితనమే కొంప ముంచుతుంది. ఏ చక్రం జారి ఊరికే తిరుగుతోందో దానికే తిప్పే బలమంతా ధారపోసి, నేలను పట్టుకున్న చక్రాన్ని పస్తు పెడుతుంది. అప్పుడు లాక్ వెయ్యాలి. ఇక రెండు చక్రాలూ కలిసే తిరగాలి, ఎవరి దారి వారిది అంటే కుదరదు.

"పెళ్ళిలాగన్న మాట," అంది డాక్టరమ్మ, ఒంటిచేత్తో బూట్లు బిగించుకుంటూ.

ఇంతలో ఫోను మోగింది. పాడి నడిపే పెద్దావిడను ఊరంతా కొండత్త అంటారు. ఆవుకి తెల్లారకముందే నొప్పులు మొదలయ్యాయట. దూడ కాళ్ళు కాస్త కనిపించి మళ్ళీ లోపలికి పోతున్నాయట. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే గద్దింపు ఆ రోజు లేదు. అది విని డాక్టరమ్మ కాఫీ ముట్టకుండానే లేచింది.

మాస్టారు జీపు స్టార్టు చేసి, గేరు వేసి, క్లచ్చి వదిలాడు. ఇంజను గర్జించింది. బండి కదల్లేదు. ఇంకా తొక్కాడు. వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి గానీ బండి కదల్లేదు. దిగి నాలుగు చక్రాలనూ చేత్తో తట్టి చూసి వచ్చాడు. పెద్ద గేరు రాడ్డు పక్కనున్న పొట్టి లివరు, మంచి రోడ్డుకు పనికొచ్చే 'హై' వైపూ, బురదకూ ఎత్తుకూ పనికొచ్చే 'లో' వైపూ కాకుండా నట్టనడుమ న్యూట్రల్‌లో ఊరుకుందని భార్య చూపించింది. దాన్ని రోడ్డుకు తగిన వైపు తోసేసరికి బండి ఒక్క గెంతు గెంతి గేటు దాటింది.

మెయిన్ రోడ్డెక్కాక డాక్టరమ్మకు ఏదో గుర్తొచ్చి అడిగింది. "ఏమండీ, లాక్ వేశారా?"

ఆమె అడిగింది ఇంటి తాళం సంగతి. పొద్దున్నుంచీ ఆ మాటే చెవిలో పోరినందువల్ల కాబోలు, తాళం అనాల్సింది లాక్ అంది. తన పాఠం భార్య ఇంత శ్రద్ధగా విన్నదని మాస్టారికి కడుపు నిండిపోయింది. ఎదురుగా ఉన్న డిఫరెన్షియల్ లాక్ మీట గట్టిగా నొక్కి, "ఆఁ, వేశాను," అన్నాడు. ఆమె నిశ్చింతగా వెనక్కి వాలింది.

తిన్నటి రోడ్డు మీద ఏ ఇబ్బందీ రాలేదు. రోడ్డు చివర మొక్కల నర్సరీ దగ్గర కుడివైపు మలుపుంది. అక్కడంతా సన్నకంకర. మాస్టారు పద్ధతిగా స్టీరింగు తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, వెనక చక్రాలు మాత్రం భుజం భుజం కలిపి నేరుగా పోవడానికే నిర్ణయించుకున్నాయి. జీపు కంకరను దున్నుకుంటూ నర్సరీ దడిని పడగొట్టి, గులాబీ కుండీల వరస మధ్యలో నిదానంగా ఆగింది.

నర్సరీ ఆయన నీళ్ళ గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మాస్టారు దిగి, తప్పంతా తనదేనని ఒప్పుకుని, ఎందుకిలా జరిగిందో రెండు కుండీలతో వివరించబోయాడు. ఆ కుండీలు పగలనివి కాబట్టి దయచేసి కింద పెట్టమని నర్సరీ ఆయన కోరాడు. డాక్టరమ్మ ఆవు సంగతి చెప్పేసరికి మనిషి మెత్తబడ్డాడు. కుండీల మాట తర్వాత చూసుకుందాం, మూగజీవం ఆగదు వెళ్ళండని, తానే జీపును వెనక్కి తోయించాడు.

అసలు మాట అప్పుడు బయటపడింది. తాను అడిగింది ఇంటి తాళమని డాక్టరమ్మ చెప్పింది. మాస్టారు మొహం పాలిపోయింది. లాక్ మీట తీసేశాడు సరే, ఇంటికి తాళం వేసిందీ లేనిదీ ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. వెనక్కి వెళ్దామా అంటే ఆమె వద్దంది. చుట్టుతిరిగి పోయే పైరోడ్డుకు ఇక వ్యవధి లేదు, అడ్డదారిన వాగు పక్కగా పోనిమ్మంది.

అడ్డదారి మొదట్లో మాస్టారు చేసిన పనులన్నీ పాఠంలో ఉన్నవే. బురద కనిపించకముందే ఆగి, పొట్టి లివరును 'లో' వైపు వేశాడు. ఒకటో గేరులో చక్రాలు విదిలించుకుంటాయని రెండో గేరు ఎంచుకున్నాడు. కాలు అదరకుండా, ఒకే తీరున తొక్కుతూ, బండిని పాకిస్తున్నట్టు నడిపాడు. చక్రాలు కితకితలు పెట్టినట్టు మెల్లగా బురదను తొక్కుకుంటూ పోతున్నాయి. డాక్టరమ్మ ఆయన వంక చూసింది. ఆ చూపులో మెప్పు ఉంది. అది మాస్టారు గమనించలేదు. ఆయన కళ్ళ ముందు తెరిచిన వీధి తలుపొక్కటే ఊగుతోంది.

నడిబురదలో వెనక చక్రం ఒకటి జారడం మొదలైంది.

"లాక్ వేశారా?" అంది డాక్టరమ్మ.

"అదే ఆలోచిస్తున్నా," అని మాస్టారు బండి ఆపేసి, తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు.

బురదలో ఎక్కడైనా ఆగొచ్చు గానీ మధ్యలో ఆగకూడదు. చక్రాల కింద నేల మెత్తగా నోరు తెరిచింది. ఈసారి ఆమె అడిగింది బండి లాక్ అని తెలిసి, గబగబా మీట నొక్కి, కంగారులో ఉన్న బలమంతా పెట్టి తొక్కేశాడు. లాక్ తన పని తాను చేసింది. అంతవరకూ ఒక్క చక్రమే గొయ్యి తవ్వుతుంటే, ఇప్పుడు రెండూ ఐకమత్యంగా తవ్వాయి. జీపు పొట్ట నేలకానింది.

డాక్టరమ్మ కోప్పడి ఉంటే మాస్టారికి కాస్త తేలికగా ఉండేది. ఆమె కోప్పడలేదు. మందుల పెట్టె తీసుకుని నడిచిపోతానంది. కొండ ఇంకా చాలా దూరముంది. ఆ బురదలో పెట్టె మోసుకుంటూ ఒంటిచేత్తో ఎక్కబోయే భార్యను చూస్తే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పెట్టె తాను మోస్తానన్నాడు. ముందు కొండత్తకు ఫోను చెయ్యమని ఆమె చెప్పింది. సిగ్నలు అందే బండరాయి ఎక్కాడు. కొండత్త ఫోను ఎత్తలేదు. అదే ఊపులో, ఇంటి తాళం సంగతి కనుక్కుందామని పక్కింటి పిన్నికి చేశాడు.

పిన్ని పొద్దున్నుంచీ ఆయన వీధి గడప మీదే కూర్చుని ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, కప్పులు బోర్లించి ఉన్నాయి, కాఫీ ఎవరూ తాగలేదు. మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుని చెరో దారి పట్టారని ఆవిడ తేల్చుకుంది. అటువంటిదేమీ లేదని మాస్టారు చెప్పబోయాడు. గాలికి సిగ్నలు తెగుతూ అతుకుతూ ఉంది. డిఫరెన్షియల్ లాక్ అప్పుడే వేసుంటే ఇలా ఇరుక్కుపోయేవాళ్ళం కాదని ఆయన అన్న మాటలో పిన్నికి చేరినవి రెండే ముక్కలు.

"లాకప్పులో ఇరుక్కున్నారా?" అంది పిన్ని. ఫోను తెగిపోయింది.

ఆవిడ ఆలస్యం చెయ్యలేదు. డాక్టరమ్మ అన్నయ్యకు కబురు చెప్పింది. ఆయన ఉన్నపళాన బయలుదేరి, కనపడ్డ పోలీసు స్టేషనల్లా ఎక్కి, తన చెల్లెల్ని ఏ కేసు కింద పట్టుకున్నారో చెప్పమని నిలదీయడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మాస్టారు బండరాయి దిగేసరికి మలుపు అవతల నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. నడిపేది కొండత్త అల్లుడు. వెనక ట్రాలీలో గడ్డి పరిచి ఆవును పడుకోబెట్టారు. దాని తల ఒళ్ళో పెట్టుకుని కొండత్త కూర్చుంది. డాక్టరమ్మ రావడం ఆలస్యమైతే ఆవే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలని ఆవిడ తీర్మానించుకుంది. దారికి అడ్డంగా కూరుకుపోయిన జీపును చూసి ఎవడ్రా అని మొదలుపెట్టి, దాని పక్కన డాక్టరమ్మను చూసి ఆపేసింది.

డాక్టరమ్మ ట్రాలీ ఎక్కి కుడిచెయ్యి లోపలికి పెట్టి చూసింది. దూడ తల సరిగ్గానే ఉంది, భుజాలు ఇరుక్కున్నాయి. కాళ్ళకు తాళ్ళు తగిలించి లాగాలి. ఇంకా ఆలస్యమైతే రెండు ప్రాణాలూ దక్కవు. తగిలించడం ఒక చేత్తో అయింది. లాగడానికి రెండు చేతులు కావాలి. అల్లుడు రక్తం చూసి ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది.

మాస్టారు చెప్పులు విప్పి ట్రాలీ ఎక్కాడు. రెండు తాళ్ళూ కలిపి పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆవు మూలిగింది. డాక్టరమ్మ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

"రెండూ కలిపి కాదండీ. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. ఒక భుజం బయటపడ్డాకే రెండో భుజానికి చోటు."

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. "అంటే లాక్ తియ్యాలి," అన్నాడు.

"తియ్యండి. లో గేరులో."

ఆ తర్వాత ఆయనకు ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. ఆవు ముక్కినప్పుడు లాగాడు, అది ఊపిరి తీసుకున్నప్పుడు ఆగాడు. కుడి తాడు కొంచెం, ఎడమ తాడు కొంచెం. కుదుపు లేదు, తొందర లేదు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా చేతుల బిగి సడలలేదు. భుజాలు దాటాయని డాక్టరమ్మ చెప్పగానే రెండు తాళ్ళూ కలిపి పట్టాడు. దూడ జారి, తడితడిగా, ఆయన ఒళ్ళో పడింది.

అది కదల్లేదు. కొండత్త మొహం పక్కకు తిప్పుకుంది. డాక్టరమ్మ దాని నోట్లో జిగురు తుడిచి, ముక్కులోకి గడ్డిపోచ జొనిపి తిప్పింది. మాస్టారు ఎవరూ చెప్పకుండానే చొక్కా విప్పి దాని పక్కటెముకలు రుద్దుతూ పోయాడు. చాలాసేపు అయినట్టనిపించింది. అప్పుడు దూడ ఆయన మొహం మీదే గట్టిగా తుమ్మింది.

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. డాక్టరమ్మ కట్టు కట్టిన చేత్తోనే ఆయన చెంప తుడిచింది, ఉన్న మట్టి ఇంకొంచెం పూసింది. కొండత్త ఆవుకు దూడను నాకించి, అప్పటికి లెక్క చూసుకుంది. పైరోడ్డున వచ్చి ఉంటే మీరు పాడికి చేరేవాళ్ళు, మేము ఊళ్ళోకి చేరేవాళ్ళం, ఇది మధ్యలో చచ్చేదని చెప్పింది. నర్సరీ దడి విరగబట్టే ఆవు బతికిందన్న మాట. ఆ సంగతి నర్సరీ ఆయనకు తానే చెప్పుకుంటానని కూడా అంది.

తేరుకున్న అల్లుడు ట్రాక్టరుకు గొలుసు కట్టాడు. మాస్టారు పొట్టి లివరు 'లో' వైపే ఉంచి, రెండో గేరు వేసి, లాక్ వేసి, కాలు అదరకుండా తొక్కాడు. జీపు నిట్టూర్చినట్టు పైకి లేచి గట్టినేల ఎక్కింది. అక్కడికి చేరగానే లాక్ తీశాడు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద పిన్నీ అన్నయ్యా కూర్చుని ఉన్నారు. స్టేషన్లన్నీ తిరిగి ఎక్కడా చెల్లెలు దొరక్క అన్నయ్య గొంతు పోయింది. పెళ్ళినాడు ఆయన చూసినంత సంతోషంగా ఉన్నారు చెల్లెలూ బావా. ఒకరికి చొక్కా లేదు, ఒకరికి మొహం ఏదో మట్టి ఏదో తెలియడం లేదు. అన్నయ్య అరుగు మీంచి లేచాడు. లోపలికి పోయి కప్పులు కడిగి, అందరికీ కాఫీ పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. డాక్టరమ్మ ఎత్తి, కాసేపు విని, బడికి తయారవుతున్న భర్త చేతికిచ్చింది. పక్క ఊళ్ళో ఎవరిదో గేదె ఈనలేకపోతోందట. వాళ్ళకు డాక్టరమ్మ వద్దట, లాగే మాస్టారు కావాలట.